డిక్రీ ఇచ్చిన కోర్టే డబ్బూ ఇప్పించాలి

దావా గెలవడం ఒక ఎత్తు, గెలిచిన సొమ్ము రాబట్టుకోవడం మరో ఎత్తు. బాకీదారు ఆస్తి ఎక్కడుందో వెతికి పట్టుకునే పని ఇప్పుడు గెలిచినవాడి నెత్తిన ఉంది. ఆ బరువు ఓడినవాడి మీదికి మారితే తప్ప డిక్రీకి విలువ రాదు.

తిరుపతి కోర్టులో ప్రోనోటు దావా గెలిచిన మనిషికి దక్కేది డబ్బు కాదు, డిక్రీ. అసలు ఇంత, వడ్డీ ఇంత, ఖర్చులు ఇంత, మొత్తం ప్రతివాది వాదికి చెల్లించాలి అని రాసి ముద్ర వేసిన కాగితం అది. ప్రతివాది ఆ మాట మన్నించి కట్టేస్తే సరే. కట్టకపోతే కోర్టు తనంతట తానుగా అతని గడప తొక్కదు. గెలిచినవాడే మళ్లీ వకీలును పెట్టుకుని, డిక్రీ నకలు తీసుకుని, అమలు దరఖాస్తు వేసుకోవాలి. కోర్టు వరండాల్లో దాన్ని అందరూ ఈపీ అంటారు. దావాకు ఒక నంబరు, ఈపీకి ఇంకో నంబరు. దావాకు కొన్నేళ్లు, ఈపీకి మరికొన్నేళ్లు. భారతదేశంలో కక్షిదారుడి కష్టాలు డిక్రీ చేతికొచ్చాకే మొదలవుతాయని 1872లోనే లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దర్భంగా సంస్థానం కేసులో వ్యాఖ్యానించింది. అప్పటికీ ఇప్పటికీ నూట యాభై ఏళ్లు దాటాయి. రాజ్యం మారింది, రాజ్యాంగం వచ్చింది, 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు 1976లో, 1999లో, 2002లో పెద్ద సవరణలు జరిగాయి. ఆ వ్యాఖ్య మాత్రం పాతబడలేదు.

పాతబడలేదనడానికి సాక్ష్యం సుప్రీంకోర్టు దగ్గరే ఉంది. 2021 ఏప్రిల్‌లో రాహుల్ ఎస్. షా కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈపీని దాఖలైన నాటి నుంచి ఆరు నెలల్లో తేల్చాలని, అంతకు మించితే కారణం రాతపూర్వకంగా చెప్పాలని ఆదేశించింది. నాలుగేళ్లు గడిచాక, 2025 మార్చిలో, తమిళనాడు నుంచి వచ్చిన పెరియమ్మాళ్ కేసులో జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ అదే మాట మళ్లీ చెప్పవలసి వచ్చింది. అన్ని హైకోర్టులూ తమ కింది కోర్టుల్లో పెండింగులో ఉన్న ఈపీల లెక్క తీసి, ఆరు నెలల్లో తేల్చేలా చూడాలన్నారు. ఆ అక్టోబరుకు లెక్క బయటికొచ్చింది. ఆరు నెలల్లో 3,38,685 ఈపీలు తేలాయి. ఇంకా తేలవలసినవి 8,82,578. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 68 వేలకు పైగా ఉన్నాయి. ఇవన్నీ ఎవరిది న్యాయమో ఇంకా తేలని తగాదాలు కావు. తీర్పు వెలువడిన కేసులు. గెలిచినవాడెవరో, ఓడినవాడెవరో కోర్టు రికార్డులోనే ఉన్న కేసులు.

దీనికి కారణం అడిగితే జడ్జీల కొరత అని కొందరు, వకీళ్ల వాయిదాలు అని కొందరు, అమీనుల అలసత్వం అని ఇంకొందరు అంటారు. అన్నిటిలోనూ కొంత నిజం ఉంది. కానీ మూలం వేరే చోట ఉంది. ఓడినవాడికి ఏ ఆస్తి ఉందో, ఎక్కడ ఉందో, ఎవరి పేరున ఉందో కనిపెట్టి కోర్టుకు చూపించే బాధ్యతను మన పద్ధతి గెలిచినవాడికి అప్పగించింది. ఆ వివరాలు తెలిసినవాడు ఒక్కడే, ఓడినవాడు. తెలిసినవాడు నోరు మూసుకుని కూర్చోవచ్చు, తెలియనివాడు ఊరంతా తిరిగి వెతకాలి. ఈ తలకిందుల ఏర్పాటు సరికానంతకాలం ఎంతమంది జడ్జీలను వేసినా, ఎన్ని ఆరు నెలల గడువులు పెట్టినా ఈపీలు కదలవు.

గెలిచినవాడి మీదే బరువు

ఈపీ దరఖాస్తులో ఒక గడి ఉంటుంది. కోర్టు సహాయం ఏ రూపంలో కావాలి అని అడుగుతుంది. చరాస్తి జప్తు చేయమంటే ఆ వస్తువుల జాబితా ఇవ్వాలి. ఇల్లో పొలమో జప్తు చేయమంటే సర్వే నంబరు, చెక్కుబందీ, అందులో బాకీదారుకు ఎంత వాటా ఉందో రాయాలి. బ్యాంకు ఖాతా పట్టుకోమంటే ఏ బ్యాంకో చెప్పాలి. జీతం పట్టుకోమంటే ఎక్కడ పనిచేస్తున్నాడో చెప్పాలి. కొర్లగుంటలో అద్దెకుండే మేస్త్రీకి కూలి బాకీ ఉన్న కాంట్రాక్టరు గురించి, పాకాల మామిడి రైతుకు సొమ్ము ఎగ్గొట్టిన వ్యాపారి గురించి ఈ వివరాలన్నీ ఆ మేస్త్రీకీ ఆ రైతుకూ ఎలా తెలుస్తాయి? మీభూమిలో వన్‌-బి చూడొచ్చు, రిజిస్ట్రేషన్ శాఖలో ఈసీ తీయొచ్చు. కానీ ఏ ఊరి పొలమో, ఏ సర్వే నంబరో ముందే తెలిస్తేనే ఆ వెతుకులాటకు అర్థం ఉంటుంది. పేరు చెప్పి ఇతని ఆస్తులన్నీ చూపించండి అని అడగడానికి మామూలు మనిషికి దారి లేదు.

చిన్న మొత్తాల దావాల్లో ఇంకో చిక్కుంది. 1887 నాటి ప్రొవిన్షియల్ స్మాల్ కాజ్ కోర్టుల చట్టం చిన్న బాకీలను చకచకా తేల్చడానికి పుట్టింది. విచారణ క్లుప్తం, అప్పీళ్లు తక్కువ. కానీ స్మాల్ కాజ్ కోర్టు స్థిరాస్తిని జప్తు చేయలేదు, వేలం వేయలేదు. ఇల్లో పొలమో పట్టుకోవాలంటే ఆ డిక్రీని మామూలు సివిల్ కోర్టు పద్దులోకి మార్పించుకుని అక్కడ మళ్లీ ఈపీ వేయాలి. మన దగ్గర చాలామందికి ఉన్న ఆస్తి అంతా ఆ ఇంటి స్థలం, ఆ రెండెకరాలే. అంటే చిన్న బాకీ గెలిచినవాడికి త్వరగా తీర్పు ఇచ్చి, డబ్బు మాత్రం రెండు మెట్లు ఎక్కి తెచ్చుకోమంటోంది చట్టం.

ఆస్తి తెలియనివాడికి మిగిలేది అరెస్టు పిటిషన్. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డరు 21, రూలు 37 కింద బాకీదారును సివిల్ జైలుకు ఎందుకు పంపకూడదో చెప్పమని నోటీసు ఇప్పించడం. డబ్బు డిక్రీల్లో చాలా ఈపీలు ఈ దారినే పడతాయి. కానీ అరెస్టు చేయాలంటే బాకీదారుకు కట్టే స్తోమత ఉండీ కట్టడం లేదని డిక్రీదారే నిరూపించాలి. కోర్టుల్లో దీన్ని మీన్స్ ఎంక్వైరీ అంటారు. బాకీదారు బోనెక్కి నాకు ఏమీ లేదు అంటాడు. ఉందని చూపించే కాగితం డిక్రీదారు దగ్గర ఉండదు. మీన్స్ రుజువు కాలేదని పిటిషన్ కొట్టేస్తారు. మళ్లీ వెతుకులాట, మళ్లీ ఈపీ. డబ్బు డిక్రీ అమలుకు లిమిటేషన్ చట్టం 12 ఏళ్ల గడువు ఇచ్చింది కాబట్టి ఇలా ఎన్నిసార్లైనా తిరగొచ్చు. ప్రతిసారీ వకీలు ఫీజు, ప్రతిసారీ అమీను బత్తా, ప్రతిసారీ ఇంటికి తాళం వేసి ఉందన్న రిపోర్టు.

ఆస్తి దొరికినా వేలం దాకా చేరడం సులువు కాదు. జప్తు ఉత్తర్వు ఇంటి గోడకు అంటించాలి, టాంటాం వేయించాలి, వేలం ప్రకటనకు విలువ కట్టించాలి. ఆ లోపల భార్య పేరునో తమ్ముడి పేరునో క్లెయిమ్ పిటిషన్ పడుతుంది. ఈ ఆస్తి బాకీదారుది కాదు, మాకు ఎప్పుడో సెటిల్‌మెంట్ దస్తావేజు రాశాడు, భాగపరిష్కారంలో మాకు వచ్చింది అంటారు. అది నిజమైన హక్కా, అప్పు ఎగ్గొట్టడానికి రాయించిన కాగితమా అన్నది తేల్చడం దాదాపు ఇంకో దావా. నిజమైన హక్కుదారుకు ఆ అవకాశం ఉండవలసిందే. కానీ ఆస్తులు ఏవో డిక్రీ నాడే రికార్డుకెక్కి ఉంటే, ఆ తర్వాత పుట్టిన దస్తావేజు ఎందుకు పుట్టిందో చెప్పడానికి ఏళ్లు పట్టదు.

ఆలస్యమే లాభం

బాకీదారు ఎందుకు సాగదీస్తాడో తెలుసుకోవడానికి అతని మనసులోకి తొంగిచూడక్కర్లేదు, లెక్క వేస్తే చాలు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 34వ సెక్షన్ ప్రకారం డిక్రీ తర్వాతి కాలానికి అసలు మీద కోర్టు ఇవ్వగలిగే వడ్డీ, వ్యాపార లావాదేవీల్లో తప్ప, ఏడాదికి 6 శాతం దాటదు. అదే మనిషి ఆ డబ్బు బయట తెచ్చుకోవాలంటే మన ఊళ్లలో నూటికి నెలకు రెండు రూపాయలు మామూలు మాట, అంటే ఏడాదికి 24 శాతం. రెండు లక్షల అసలు మీద డిక్రీ వడ్డీ ఏడాదికి 12 వేలు. బయటి వడ్డీ 48 వేలు. డిక్రీ సొమ్ము కట్టకుండా ఒక ఏడాది నెట్టుకొస్తే 36 వేలు మిగులుతాయి. వకీలు ఖర్చు పోయినా లాభమే. గెలిచినవాడు అదే కాలంలో తన అవసరానికి బయట రెండు రూపాయల వడ్డీకి అప్పు చేసి ఉంటాడు. తీర్పు న్యాయంగానే వచ్చింది, కానీ ఆ తీర్పు తర్వాతి ప్రతి నెలా ఓడినవాడికి లాభం, గెలిచినవాడికి నష్టం.

ఈ సంగతి జనం ఎప్పుడో గ్రహించారు. అందుకే ప్రోనోటు ఒక్కదాన్నే నమ్ముకునే రోజులు పోయాయి. అప్పిచ్చేవాడు నోటుతో పాటు సంతకం చేసిన ఖాళీ చెక్కు కూడా తీసుకుంటున్నాడు. చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద అది నేరం. రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెండింతల వరకు జరిమానా. 2018 సవరణ తర్వాత విచారణ నడుస్తుండగానే 20 శాతం వరకు మధ్యంతర పరిహారం ఇప్పించే వీలు కూడా కోర్టుకు ఉంది. ఒక మామూలు డబ్బు బాకీ కోసం మనుషులు సివిల్ కోర్టును వదిలి క్రిమినల్ కోర్టు మెట్లెక్కుతున్నారంటే, సివిల్ డిక్రీ మీద వాళ్లకు నమ్మకం పోయిందని అర్థం. పెద్దవాళ్లకు ఈ బాధ లేదు. తాకట్టు ఉన్న బ్యాంకుకు 2002 నాటి సర్ఫేసీ చట్టం ఉంది, సివిల్ దావా వేయకుండానే ఆస్తి స్వాధీనం చేసుకుంటుంది. ప్రభుత్వానికి 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం ఉంది, కలెక్టరే జప్తు చేసి వేలం వేస్తాడు. ఆర్డరు 21 చుట్టూ ప్రదక్షిణలు చేయవలసింది మేస్త్రీ, రైతు, చేబదులిచ్చిన చిరుద్యోగి మాత్రమే.

సరిహద్దు దాటితే

తిరుపతి, చిత్తూరు జిల్లాలకు ఇంకో ప్రత్యేకమైన కష్టం ఉంది. ఇక్కడి మనుషుల బతుకు మూడు రాష్ట్రాల మధ్య నడుస్తుంది. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం. పుత్తూరు, నగరి వాళ్లకు తిరుత్తణి పొరుగూరు. పలమనేరు వాళ్లు ముళబాగిలు మీదుగా బెంగళూరు పోయొస్తుంటారు. కుప్పానికి ఒక పక్క తమిళనాడు, ఇంకో పక్క కర్ణాటక. ఇక్కడ అప్పు చేసి అక్కడ ఇల్లు కట్టుకోవడం, ఇక్కడ వ్యాపారం ఎత్తేసి చెన్నైలో తెరవడం వింతేమీ కాదు. కానీ డిక్రీ ఇచ్చిన కోర్టు తన హద్దు దాటి జప్తు చేయలేదు. 2002 సవరణతో సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ సెక్షన్‌లో ఆ సంగతి స్పష్టంగానే రాశారు. డిక్రీని ఆస్తి ఉన్న చోటి కోర్టుకు బదిలీ చేయించాలి. డిక్రీ నకలు, ఇంకా ఎంత బాకీ ఉందో తెలిపే సర్టిఫికెట్ అక్కడికి పంపించాలి. అక్కడ ఇంకో వకీలు, ఇంకో భాష, ఇంకో ఖర్చు. ఈలోగా ఆస్తి చేతులు మారకుండా 46వ సెక్షన్ కింద ప్రిసెప్టు పంపి తాత్కాలికంగా జప్తు చేయించవచ్చు, కానీ పొడిగింపు లేకపోతే అది రెండు నెలలే నిలుస్తుంది. ఇదంతా చేయాలన్నా ముందు ఆ ఆస్తి వేలూరులో ఉందో హోసూరులో ఉందో తెలియాలి. తమిళనాడు రికార్డుల్లో తెలుగు రైతు వెతుక్కోగలడా? ఎక్కడ ఏముందో బాకీదారే ప్రమాణం చేసి చెప్పే పద్ధతి మిగతా చోట్ల కన్నా మన సరిహద్దు జిల్లాలకు ఎక్కువ అవసరం.

చట్టంలో ఉన్నదే

కొత్త చట్టం ఏదీ చేయక్కర్లేదు. ఆర్డరు 21లోనే 41వ రూలు ఉంది. డబ్బు డిక్రీ 30 రోజులు దాటినా తీరకపోతే, డిక్రీదారు అడిగితే, బాకీదారు తన ఆస్తుల వివరాలన్నీ అఫిడవిట్‌లో దాఖలు చేయాలని కోర్టు ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వును ఖాతరు చేయకపోతే మూడు నెలల వరకు సివిల్ జైలు. 1976 సవరణలో వచ్చిన ఈ ఏర్పాటు దాదాపు యాభై ఏళ్లుగా పుస్తకంలో ఉంది. రాహుల్ షా తీర్పు ఇంకో అడుగు ముందుకేసింది. డబ్బు దావాల్లో ఇష్యూలు ఖరారు చేయకముందే ప్రతివాది తన ఆస్తులను, దావా మొత్తానికి సరిపడే మేరకు, ప్రమాణపూర్వకంగా వెల్లడించాలని కోరవచ్చని చెప్పింది. అవసరమైతే దావా నడుస్తుండగానే పూచీకత్తు అడగవచ్చనీ చెప్పింది. లోపం ఒక్కటే. రెండు చోట్లా ఉన్నది కోర్టు చేయవచ్చు అన్న మాటే, చేయాలి అన్న మాట కాదు. పైగా 41వ రూలు కింద డిక్రీదారు ప్రత్యేకంగా పిటిషన్ వేసి అడిగితే తప్ప ఆ అఫిడవిట్ రాదు.

ఈ క్రమాన్ని తిరగరాయాలి. డబ్బు డిక్రీ ఏదైనా సరే, నెల రోజుల్లో కట్టకపోతే, పైకోర్టు నుంచి స్టే కూడా తెచ్చుకోకపోతే, ఎవరూ అడగకుండానే ఆస్తుల అఫిడవిట్ దాఖలు చేయవలసిన బాధ్యత ఓడినవాడి మీద పడాలి. ముందు వెల్లడి, తర్వాత జప్తు, అన్నిటికన్నా చివర అరెస్టు. ఇప్పుడు నడుస్తున్న క్రమం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆస్తి సంగతి తెలియక అరెస్టుతో మొదలుపెడుతున్నారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో, మన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్న చోట, స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో ఓడినవాడు తీర్పు నోటీసు వచ్చిన 30 రోజుల్లో డబ్బన్నా కట్టాలి, అప్పీలన్నా చేయాలి, లేదా తన ఆస్తుల వివరాలను నిర్ణీత ఫారంలో నింపి గెలిచినవాడికి పంపాలి. జర్మనీలో 2013 నుంచి వసూలు ప్రక్రియ మొదట్లోనే బాకీదారు చేత ఆస్తుల ప్రకటన తీసుకునే వీలు కోర్టు అధికారికి కల్పించారు. ఇంగ్లండులో బాకీదారును కోర్టుకు పిలిపించి ప్రమాణం మీద ప్రశ్నించే ఉత్తర్వు ఉంది, తీరని తీర్పులు ఆరేళ్ల పాటు బహిరంగ రిజిస్టరులో ఉంటాయి. ఆ దేశాల్లోనూ వసూలు కాని తీర్పులు ఉన్నాయి. కానీ అక్కడ వెతుకులాట చీకట్లో మొదలవదు.

మన చట్టంలోనే ఇంకో పోలిక ఉంది. అప్పులు తీర్చలేనివాడు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద ఐపీ పెట్టుకుంటే తన ఆస్తులన్నీ, అప్పులన్నీ జాబితా రాసి ఇవ్వాలి. అప్పటికి రెండేళ్ల లోపు ప్రతిఫలం లేకుండా రాసిచ్చిన దస్తావేజులను కోర్టు రద్దు చేయవచ్చు కూడా. దివాలా తీశానని ఒప్పుకుని కోర్టు రక్షణ కోరినవాడు అన్నీ చెప్పుకోవాలి. దివాలా తీయకుండా, డబ్బు కట్టకుండా, మౌనంగా కూర్చున్నవాడు మాత్రం ఏమీ చెప్పక్కర్లేదు. ఈ తేడాను సమర్థించే న్యాయం ఏదీ లేదు.

పేదవాడి మాటేమిటి?

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. రాయలసీమ కరువు నేల. ఇక్కడ బాకీదారు అంటే ఎక్కువ సందర్భాల్లో బోరు ఎండిపోయిన రైతు, కూతురి పెళ్లికి అప్పు చేసిన కూలీ. డిక్రీదారు అంటే వడ్డీ వ్యాపారి. వసూలు సులువు చేస్తే ఎవరి మెడకు ఉరి బిగుస్తుంది? ఈ ప్రశ్నను తోసిపుచ్చలేం. చరిత్ర కూడా దీని పక్షానే ఉంది. మద్రాసు రాష్ట్రంలో చిత్తూరు జిల్లా ఉన్న రోజుల్లో, 1938లో, రాజాజీ ప్రభుత్వం రైతు రుణాలను కుదించే చట్టం తెచ్చింది. 1977లో ఆంధ్రప్రదేశ్ చిన్న రైతులు, భూమిలేని కూలీలు, చేతివృత్తులవారి అప్పులను రద్దు చేసే చట్టం చేసింది. 2010లో మైక్రోఫైనాన్స్ సంస్థల వేధింపులకు అడ్డుకట్ట వేయడానికి ఆర్డినెన్సు తెచ్చింది. అప్పులవాడిని కాపాడటం ఈ రాష్ట్రానికి కొత్త కాదు, కాపాడవలసిందే.

కానీ ఆ కాపుదల ఎక్కడ ఉండాలి? ఏది పట్టుకోకూడదో సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ఇప్పటికే చెప్పింది. ఒంటి మీది బట్టలు, వంట పాత్రలు, పరుపులు, చేతివృత్తివాడి పనిముట్లు, రైతు సేద్యపు సామాను, అతనికి అవసరమైన పశువులు, అతను కాపురముండే ఇల్లు, కూలివాడి కూలి, పెన్షను, ప్రావిడెంటు ఫండు జప్తుకు లొంగవు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడి కలాన్నీ, నారాయణవనం నేతగాడి మగ్గాన్నీ ఏ అమీనూ ఎత్తుకుపోలేడు. జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు తాకకూడదు. లెక్కకొచ్చే జీతం 40 వేలైతే నెలకు 13 వేలకు మించి పట్టుకోలేరు, అదీ ఒక డిక్రీకి 24 నెలలే. డబ్బు బాకీ కోసం స్త్రీని అరెస్టు చేయకూడదు. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పు పేదరికం నేరం కాదని, కట్టలేనివాడిని జైలుకు పంపడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. ఉండీ ఎగ్గొట్టేవాడికి మాత్రమే సివిల్ జైలు.

ఇంత మంచి రక్షణ ఉన్నా అది నిజమైన పేదవాడికి పూర్తిగా అందడం లేదు, ఎందుకంటే అతను పేదవాడని కోర్టు ముందే తెలుసుకునే ఏర్పాటు లేదు. ఏమీ లేనివాడు ఏమీ లేదని ప్రమాణం చేసి చెప్పగలడు. అది నిజమైతే అతని మీద అరెస్టు పిటిషన్ మళ్లీ మళ్లీ వేయడానికి కారణమే ఉండదు. వాయిదాలకు కూలి పోగొట్టుకుని కోర్టు చుట్టూ తిరిగే అవస్థ తప్పుతుంది. ఆస్తుల వెల్లడి బలంగా తగిలేది దాచుకున్నవాడికి. దాచుకోనివాడికి అది రక్షణ కాగితం. ఉన్నవాడూ లేనివాడూ ఒకే మాట, నాకు ఏమీ లేదు అన్న మాట, చెప్పి తప్పించుకోగలిగే ఈనాటి పద్ధతిలో అనుమానం మాత్రం ఇద్దరి మీదా సమానంగా పడుతోంది.

ఇక వడ్డీ వ్యాపారి సంగతి. అన్యాయమైన వడ్డీని కత్తిరించవలసింది దావా దశలో. అందుకు 1918 నాటి యూజూరియస్ లోన్స్ చట్టం నుంచి కోర్టు విచక్షణ దాకా దారులున్నాయి. తీర్పులో వడ్డీ తగ్గించడం మానేసి, అమలులో తాత్సారం చేస్తే అన్యాయాన్ని సరిదిద్దినట్టు కాదు. ఆ తాత్సారం మేస్త్రీ కూలి డిక్రీకి, వినియోగదారుల కమిషన్ ఇప్పించిన పరిహారానికి, లోక్ అదాలత్ అవార్డుకు కూడా అంతే అడ్డుపడుతుంది. అవన్నీ చివరికి డిక్రీ లాగే అమలు కావాలి కదా. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. కోర్టు ద్వారా డబ్బు రాదని తెలిసినప్పుడు వడ్డీ వ్యాపారి నష్టపోయి ఊరుకోడు. మనుషులను పంపిస్తాడు. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ దారుణాలు, కోర్టు బయటి వసూలు ఎంత దూరం పోతుందో రాష్ట్రానికంతటికీ చూపించాయి. సెటిల్‌మెంట్ చేసేవాడికి 60వ సెక్షన్ లేదు, జాలీ జార్జ్ తీర్పు లేదు, ఆడవాళ్లను వదిలేయాలన్న నియమం లేదు. కోర్టు వసూలు బలపడటం అప్పులవాడికి కూడా మేలే.

ఇంకో రెండు అభ్యంతరాలు ఉన్నాయి. అఫిడవిట్‌లో అబద్ధం రాస్తే ఏం చేస్తారు అన్నది ఒకటి. అబద్ధపు ప్రమాణం నేరం. అంతకన్నా ముఖ్యం, ఒక్కసారి రాతపూర్వకంగా చెప్పాక దాన్ని సరిచూడటం తేలిక. ఈసీ, వన్‌-బి, వాహన రిజిస్ట్రేషన్ ఇప్పుడు కంప్యూటరులో ఉన్నాయి. ఒక్క సర్వే నంబరు దాచాడని తేలినా, కట్టే స్తోమత ఉండీ కట్టడం లేదనడానికి అదే సాక్ష్యం. మీన్స్ ఎంక్వైరీలో ఇప్పుడు లేనిది సరిగ్గా అదే. మనిషి ఆస్తి వివరాలు బయటపెట్టడం అతని గోప్యతను భంగపరచదా అన్నది రెండోది. బయటపెట్టమని ఎవరూ అనడం లేదు. డిక్రీ మొత్తానికి సరిపడే మేరకు చెబితే చాలు, అదీ కోర్టుకూ డిక్రీదారుకూ మాత్రమే. ఆ మాత్రం కూడా చెప్పకూడదనుకుంటే దారి సులువు, బాకీ కట్టేయడమే.

చేయవలసింది

పార్లమెంటు కోసం ఎదురుచూడక్కర్లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 122వ సెక్షన్ ప్రకారం ఆర్డర్లలోని రూళ్లను తమ పరిధిలోని కోర్టులకు సవరించుకునే అధికారం హైకోర్టులకు ఉంది. రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం ఉంటే చాలు. అమలుకు సంబంధించిన రూళ్లను తిరిగి చూసుకోమని రాహుల్ షా తీర్పు హైకోర్టులకు చెప్పనే చెప్పింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 41వ రూలులోని ఐచ్ఛికాన్ని విధిగా మార్చాలి. డిక్రీతో పాటే, తెలుగులో, ఒకటి రెండు పేజీల ఆస్తుల ఫారం ఓడినవాడికి అందాలి. పొలం, ఇల్లు, స్థలం, బ్యాంకు ఖాతా, ఉద్యోగం, వాహనం, రావలసిన బాకీలు, దావా పడిన తర్వాత ఎవరికైనా రాసిచ్చిన ఆస్తులు, పక్క రాష్ట్రాల్లో ఉన్నవి సహా. అందులోనే 60వ సెక్షన్ మినహాయింపులు కూడా అచ్చు వేయాలి, ఏది పోదో కూడా ఓడినవాడికి తెలియాలి. నింపలేనివాడికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ సాయం చేయాలి. స్మాల్ కాజ్ డిక్రీలు స్థిరాస్తి జప్తుకు ఇంకో కోర్టు పద్దులోకి మారవలసిన పని, డిక్రీదారు పిటిషన్ లేకుండా, కార్యాలయం స్థాయిలోనే జరిగిపోవాలి.

రూలు మారే దాకా కూడా ఆగనవసరం లేదు. 41వ రూలు కింద అధికారం ఇవాళ కూడా తిరుపతిలో, చిత్తూరులో, శ్రీకాళహస్తిలో, పలమనేరులో ఉన్న ప్రతి సివిల్ జడ్జికీ ఉంది. అరెస్టు పిటిషన్ కన్నా ముందు ఆస్తుల అఫిడవిట్‌కు పిటిషన్ వేయడం వకీళ్లు అలవాటు చేసుకుంటే, వచ్చిన ప్రతి అలాంటి పిటిషన్‌నూ జడ్జీలు మంజూరు చేసి గడువు పెడితే, ఆరు నెలల్లో తేలే ఈపీల సంఖ్య పెరుగుతుంది. దావా వేయబోతున్నవాళ్లు కూడా ఒక మాట గుర్తుంచుకోవాలి. అప్పిచ్చిన రోజున బాకీదారు ఆస్తుల సంగతి, ఉద్యోగం సంగతి రాసిపెట్టుకోవడం, దావా వేసేటప్పుడే ఆస్తులు వెల్లడించమని కోరడం, ఆస్తి అమ్మేస్తున్నాడని ఆధారం ఉంటే తీర్పుకు ముందు జప్తు అడగడం, ఇవి డిక్రీ తర్వాతి ఏళ్లను మిగులుస్తాయి.

తీర్పు చెప్పడంతో న్యాయస్థానం పని సగమే అయింది. వాది కోర్టుకు వచ్చింది తాను చెప్పింది నిజమని రుజువు చేసుకోవడానికి మాత్రమే కాదు, తన డబ్బు తనకు ఇప్పించమని అడగడానికి. ఫీజు కట్టించుకుని, సాక్ష్యం తీసుకుని, నీదే న్యాయం అని చెప్పిన రాజ్యం, ఆ న్యాయాన్ని నువ్వే వెతికి తెచ్చుకో అనడం ధర్మం కాదు. ఓడినవాడు మౌనంగా ఉండే హక్కును డిక్రీ రోజుతో ముగించాలి. ఎంత ఉందో చెప్పాక, చట్టం విడిచిపెట్టమన్నది విడిచిపెట్టి, మిగిలినది కోర్టే వసూలు చేసి ఇప్పించాలి.